ఎండ అందరిదీ, డాబా యెవరిది?

మొన్న వేసవిలో మా పట్నంలో సౌరవిద్యుత్తుమీద వొక గోష్ఠి జరిగింది. ప్రధానోపన్యాసం చేసినవాడు ఆర్థికశాస్త్రం చెప్పే నా మిత్రుడు. బాగా చదువుకొన్నవాడు, ప్రజలకు మేలు జరగాలని నిజంగా కోరుకొనేవాడు. ఆయన మాటల సారాంశం యిది: బొగ్గుకు యజమాని వుంటాడు, గ్యాసుకు యజమాని వుంటాడు, యేటికి అడ్డంగా ఆనకట్ట కట్టినవాడు నీటికి యజమాని అవుతాడు; ఎండకు మాత్రం యజమాని లేడు. కనుక విద్యుత్తు చరిత్రలో ప్రజాస్వామ్యయుగం యిప్పుడే మొదలవుతున్నది. ఇంతకాలం కరెంటు కొనుక్కొన్న మనిషి యికమీదట కరెంటు తయారుచేసే మనిషి అవుతాడు. సభలో చప్పట్లు మోగినై. నేనూ కొట్టాను. తీరా యింటికి వచ్చి నేను అద్దెకుంటున్న పైవాటా మెట్లెక్కుతూంటే, ఆ చప్పట్లు వెనక్కి తీసుకొంటే బాగుండునని తోచింది.

ఎందుచేతనంటే, నా తలపైన డాబామీద ఆ ప్రజాస్వామ్యం యిదివరకే వెలసివుంది. పోయిన సంవత్సరం మా యింటి యజమాని 3 కిలోవాట్ల సోలారు పలకలు పెట్టించారు. ఖర్చు 2 లక్షలు. అందులో కేంద్రప్రభుత్వం యిచ్చిన సబ్సిడీ 78 వేలు. ఇంటికంతటికీ వొకటే సర్వీసు, నా వాటాకు సబ్‌మీటరు. పలకలు రాకముందు నేను యూనిట్‌కు 8 రూపాయలు కట్టేవాణ్ణి. పలకలు వచ్చిన తరువాత కూడా 8 రూపాయలే కడుతున్నాను. ఒకనాడు ధైర్యంచేసి అడిగాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. నవ్వి, "మాస్టారూ, ఎండ మీకెంతో నాకూ అంతే. డాబా మాత్రం నాది గదండీ" అన్నారు.

నా మిత్రుడు గంటసేపు చేసిన ఉపన్యాసంలో కనిపించని అర్థశాస్త్రం యీ వొక్కమాటలో వుంది. దీన్ని నేను సొంత ఫిర్యాదుగా రాయడంలేదు. మా యజమాని దుర్మార్గుడు కాదు. ప్రభుత్వం ఆయన చేతిలో పెట్టిన హక్కును వాడుకొంటున్నారు, అంతే. అలాంటి హక్కును ఆయన చేతిలో యెందుకు పెట్టారన్నదే ప్రశ్న.

ముందుగా వొప్పుకోవలసింది వొప్పుకొందాం. సౌరవిద్యుత్తు చవకయింది. 2010లో జాతీయ సౌరమిషన్ మొదలయినప్పుడు కేంద్ర విద్యుత్ నియంత్రణమండలి లెక్కగట్టిన ధర యూనిట్‌కు 17 రూపాయల 91 పైసలు. 2017 మేలో రాజస్థాన్‌లోని భడ్లా వేలంలో అది 2 రూపాయల 44 పైసలకు దిగింది. 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో 1 రూపాయి 99 పైసలు. అంటే పదేళ్ళలో తొమ్మిదోవంతుకు పడిపోయింది. మన బతుకుల్లో కందిపప్పు ధర యిలా పడలేదు, సిమెంటు ధర పడలేదు, యింటి అద్దె సంగతి చెప్పనే అక్కరలేదు.

ఈ చవక యెక్కడినుంచి వచ్చింది? 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాల మొట్టమొదటి సిలికాన్ ఘటాన్ని బయటపెట్టింది. ఆ తరువాత చాలా కాలం దాన్ని పోషించింది కృత్రిమ ఉపగ్రహాలమీద ఖర్చయిన ప్రభుత్వధనం. 2000లో జర్మనీ వొక చట్టం చేసి సౌరవిద్యుత్తుకు యెక్కువ ధర హామీ యిచ్చింది. ఆ యెక్కువ ధరను తమ బిల్లుల్లో మోసినవారు జర్మనీలోని సామాన్యగృహస్థులు. ఆ గిరాకీని చూసి చైనా ప్రభుత్వ బ్యాంకుల డబ్బుతో పెద్ద పెద్ద కర్మాగారాలు లేచాయి. వాటిలో లక్షలమంది కార్మికులు పనిచేశారు. అంటే యిది యే వొక్క పెట్టుబడిదారుడి తెలివివల్లా వచ్చిన చవక కాదు. అనేక దేశాల ప్రజలు, అనేక దశాబ్దాలు, తమ పన్నులతో, బిల్లులతో, చెమటతో తయారుచేసిన చవక యిది. సమాజం తయారుచేసిన యీ సొత్తు యే ద్వారంగుండా యెవరి యింట్లోకి పోతున్నదో చూడాలి.

నా మిత్రుని సభలో లెక్కలు చాలా చూపించారు. రెండు యిళ్ళ లెక్క మాత్రం చూపించలేదు. అది నేను చూపిస్తాను. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో నిర్ణయించిన గృహవినియోగపు శ్లాబులు తీసుకొందాం: మొదటి 30 యూనిట్లకు 1 రూపాయి 90 పైసలు, 75 వరకూ 3 రూపాయలు, 125 వరకూ నాలుగున్నర, 225 వరకూ 6, 400 వరకూ 8 రూపాయల 75 పైసలు. సర్దుబాటు ఛార్జీలూ, స్థిర ఛార్జీలూ, సుంకమూ పక్కనపెడదాం. మా యజమాని యిల్లు, నా వాటాతో కలిపి, నెలకు సుమారు 350 యూనిట్లు కాలుస్తుంది. దానికి బిల్లు 2,111 రూపాయలు. 3 కిలోవాట్ల పలకలు నెలకు సుమారు 360 యూనిట్లు యిస్తాయి గనుక ఆ బిల్లంతా మాయమవుతుంది. ఆయన జేబునుంచి పెట్టింది 1 లక్షా 22 వేలు. అయిదేళ్ళు నిండకముందే పెట్టిన డబ్బు తిరిగివస్తుంది. పలకలు పాతికేళ్ళుంటాయంటారు. మిగతా యిరవైయేళ్ళూ లాభమే. పైగా ఆయనకు మిగిలే ఆ 2,111లో 800 రూపాయలు, 100 యూనిట్లు వాడుకొన్నందుకు నేనిచ్చేవి. నాకే సొంత మీటరుంటే ఆ 100 యూనిట్లకు డిస్కంకు కట్టవలసింది 304 రూపాయల 50 పైసలు!

ఇక రెండో యిల్లు. మా యజమాని పలకలమీద పేరుకొన్న దుమ్మును పదిరోజులకొకసారి బకెట్టూ గుడ్డా పట్టుకొని డాబా యెక్కి కడిగేది ఆ యింట్లో పనిచేసే ఆవిడ. (ప్రకటనల్లో సున్నా బిల్లు చూసి నవ్వే యిల్లాలిని చూపిస్తారు, పలకలు కడిగే మనిషిని యింతవరకూ యే ప్రకటనలోనూ నేను చూడలేదు.) ఆవిడకు కాలనీలో ప్రభుత్వమిచ్చిన వొక సెంటు స్థలంలో చిన్న శ్లాబు యిల్లుంది. రెండు బల్బులు, రెండు ఫ్యాన్లు, వొక టీవీ. నెలకు 70 యూనిట్లు, బిల్లు 177 రూపాయలు. ఆవిడ 1 కిలోవాట్ పలకలు పెట్టించుకొంటే సుమారు 70 వేలవుతుంది. కేంద్రం యిచ్చేది 30 వేలు. మిగిలిన 40 వేలు ఆవిడ తేవాలి. నెలకు 177 రూపాయల చొప్పున ఆ 40 వేలు తిరిగి రావాలంటే దగ్గర దగ్గర పందొమ్మిదేళ్ళు. ఈలోగా వొకసారైనా ఇన్వర్టరు మార్చవలసివస్తుంది.

చేతిలో 40 వేలుంటే గదా యీ లెక్కయినా! అప్పు తెచ్చిందనుకొందాం. పథకం కింద బ్యాంకులిచ్చే రుణాన్ని నూటికి అర్ధరూపాయి వడ్డీకి వేసుకొన్నా నెలకు వడ్డీయే 200 రూపాయలు. ఆదా 177. అంటే సూర్యభగవానుడు నెలంతా ఆవిడ డాబామీద కష్టపడి బ్యాంకు వడ్డీకి కూడా చాలడు. మిగులు యూనిట్లు డిస్కం కొంటుంది గదా అంటారు. సరే, నెలకు 50 యూనిట్లు మిగిలి, వొక్కొక్కదానికి 2 రూపాయలు యిచ్చారనుకొన్నా వచ్చేది యింకో 100. అప్పుడు కూడా ఆ అప్పు తీరేసరికి యిరవైయేళ్ళు దాటుతుంది. బ్యాంకు గడప తొక్కనివ్వక, వీధిలో నూటికి 2 రూపాయల వడ్డీకి తెచ్చుకొంటే నెలకు 800. లెక్క అక్కడితో ఆపుదాం.

ఒకే సూర్యుడు, వొకే పట్నం, వొకే పథకం. పెద్ద యింటికి సబ్సిడీ 78 వేలు, చిన్న యింటికి 30 వేలు. పెద్ద యింటికి పెట్టుబడి అయిదేళ్ళలో వస్తుంది, చిన్న యింటికి పందొమ్మిదేళ్ళలో. ఇది అధికారుల అలసత్వంవల్ల వచ్చిన లోపం కాదు, పథకపు అస్థిపంజరంలోనే వుంది. యెక్కువ కాల్చేవాడు యెక్కువ ధర కడుతున్నాడు గనుక పలకలవల్ల అతనికే యెక్కువ ఆదా. ముందుగా పెట్టుబడి పెట్టగలవాడికే సబ్సిడీ అందుతుంది. ఈ రెండూ కలిస్తే ఉన్నవాడికే వడ్డన. ఆ విస్తరిముందు కూర్చొనే యోగ్యత కూడా లేనివాళ్ళం యింకొందరం వున్నాం: డబ్బు యేదోవిధంగా తేగలిగినా డాబా లేని అద్దెవాళ్ళం. ఆవిడకు డాబా వుంది, డబ్బు లేదు. నాకు నెల జీతముంది, డాబా లేదు. రేకుల గదిలో అద్దెకుండే ఆటో కార్మికుడికి రెండూ లేవు.

ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలయింది. కోటి యిళ్ళు లక్ష్యం, 75,021 కోట్ల రూపాయల వ్యయం. దాని పేరులోనే "ముఫ్త్" అనే మాట వుంది. మన పత్రికలు "ఉచితం" అని అనువదించాయి. భాష చెప్పుకొని బతికేవాణ్ణి గనుక వొక్కమాట. ఉచితమంటే తగినదని సంస్కృతార్థం. తెలుగులో అది వెలలేనిదనే అర్థానికి జారింది. ఈ పథకంలో రెండర్థాలూ లేవు. లక్షా 22 వేలు ముందుగా పెట్టినవాడికి కరెంటు ఉచితమనడం, పొలం కొనుక్కొన్నవాడికి ధాన్యం ఉచితమనడంలాంటిది. అంతకుముందు, 2015లో, కేంద్రప్రభుత్వం 2022 నాటికి 40 వేల మెగావాట్లు యిళ్ళ కప్పులమీదే తయారు కావాలని లక్ష్యం పెట్టుకొంది. గడువు వచ్చేసరికి అందులో పావువంతు కూడా నెరవేరలేదు. డబ్బున్నవాడి చొరవమీద నడిచే పథకం డబ్బున్నవాళ్ళు యెంతమందో అంతవరకే నడుస్తుందని దీనివల్ల నేర్చుకోవలసింది. ఢిల్లీలో నేర్చుకొన్నది మాత్రం, సబ్సిడీ పెంచాలని.

ఇక్కడ నా మిత్రుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో చేసిన ప్రకటనలను చూపిస్తాడు: ఎస్సీ, ఎస్టీ కుటుంబాల యిళ్ళపై 2 కిలోవాట్లు పూర్తిగా ప్రభుత్వఖర్చుతో పెట్టడం, వెనుకబడిన తరగతులవారికి కిలోవాట్‌కు యింకో 10 వేలు అదనంగా యివ్వడం. మంచిదే, అడ్డుచెప్పేవాణ్ణి కాను. కాని ఆ 10 వేలు కలిసినా పై లెక్కలో పందొమ్మిదేళ్ళు పధ్నాలుగేళ్ళవుతాయి, అంతే. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 200 యూనిట్ల దాకా ఉచితవిద్యుత్తు సౌకర్యం యిదివరకే వున్నది. అలాంటి యింటిమీద పలకలు పెడితే తగ్గేది ముందుగా ప్రభుత్వం మోసే సబ్సిడీ భారం. అది తప్పని అనను. అయితే యెవరికి యెంత మిగిలిందో చెప్పకుండా దానధర్మంగా చూపించడం తప్పు. పైగా 2 కిలోవాట్లకు నీడపడని జాగా సుమారు 200 చదరపుటడుగులు కావాలి. సెంటు స్థలంలో కట్టిన యిల్లు, పక్కన రెండంతస్తుల గోడ, పైన నీళ్ళ ట్యాంకు, పండుగకు బంధువులు వస్తే పడుకొనేది అక్కడే. తెలంగాణలోనూ, 2024 మార్చి నుంచి 200 యూనిట్లలోపు వాడే పేదకుటుంబాలకు గృహజ్యోతి కింద బిల్లే లేదు. వాళ్ళు అప్పుచేసి పలకలెందుకు కొంటారు? యెలా చూసినా కేంద్రపథకం వెతుక్కొంటూ పోయేది మధ్యతరగతి పైమెట్టు డాబాలనే.

"వినియోగదారుడే ఉత్పత్తిదారుడు" అనే నినాదం కొత్తదేమీ కాదు. పందొమ్మిదివందల యాభైలలో అమెరికాలో "ప్రజాపెట్టుబడిదారీ" అని వొక సిద్ధాంతం వూరేగింది. కార్మికుడి చేతిలో రెండు షేరు కాగితాలు పెట్టి, నువ్వూ యజమానివే, యిక తగవెందుకన్నారు. ఇప్పుడు షేరు కాగితానికి బదులు సోలారు పలక. పలకున్న గృహస్థు నిజంగా స్వతంత్రుడా? పగలు అతను తయారుచేసే కరెంటులో యెక్కువభాగం గ్రిడ్డులోకి పోతుంది. రాత్రి అతని ఫ్యానూ ఫ్రిజ్జూ తిరిగేది గ్రిడ్డునుంచి. అంటే రాష్ట్రప్రజలు డెబ్బై యేళ్ళుగా కట్టుకొన్న తీగలు, సబ్‌స్టేషన్లు, రాత్రిళ్ళు నడిచే కేంద్రాలు, స్తంభమెక్కే లైన్‌మన్ అతనికి గోదాములాగా పనిచేస్తున్నారు. తీసుకోండి, నాకభ్యంతరం లేదు. ఆ గోదాము అద్దె యెవరు కడుతున్నారన్నదే నా ప్రశ్న. 70 యూనిట్ల యింటికి సగటున యూనిట్ రెండున్నర రూపాయలకే వస్తున్నదంటే, ఆ లోటును ప్రభుత్వసబ్సిడీతోపాటు పై శ్లాబులో 8 రూపాయల 75 పైసలు కట్టేవాడు కొంత భరిస్తున్నాడు. అతను పలకలు పెట్టుకొని తప్పుకొంటే ఆ బరువు గాలిలో కలిసిపోదు. డాబా లేనివాళ్ళ బిల్లులమీదికో, ప్రభుత్వ ఖజానామీదికో దిగుతుంది.

ఇంతకన్న నన్ను కలవరపెట్టే సంగతి వొకటుంది. 1998లో ప్రపంచబ్యాంకు అడుగుజాడల్లో ఉమ్మడి రాష్ట్రంలో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. 1999లో విద్యుత్ బోర్డును చీల్చారు. 2000లో ఛార్జీలు పెంచారు. ఆ సంవత్సరం ఆగస్టు 28న హైదరాబాదులో బషీర్‌బాగ్ దగ్గర, ఛార్జీలు తగ్గించమని వెళ్తున్న ప్రజలపై పోలీసులు కాల్పులు జరిపారు, ముగ్గురు చనిపోయారు. ఆ ఉద్యమం అంత బలంగా రావడానికి కారణం, అందులో రైతుతోపాటు పట్నపు మధ్యతరగతి కూడా నిలబడడం. బిల్లు అందరినీ కొట్టింది గనుక అందరూ కలిశారు. తరువాత చాలాకాలం యే ప్రభుత్వమైనా ఛార్జీలు ముట్టుకోవాలంటే బషీర్‌బాగ్ గుర్తుకొచ్చేది. ఆనాడు వీధిలో బిల్లు తగలబెట్టిన మనిషి కొడుకు నేడు డాబా యెక్కి యూనిట్లు లెక్కపెట్టుకొంటున్నాడు. రేపు ఛార్జీ పెరిగితే అతనికి బాధలేదు. ఛార్జీ పెరిగినకొద్దీ అతని పెట్టుబడి త్వరగా తిరిగివస్తుంది. ఛార్జీలు పెరిగితే సంతోషించే మధ్యతరగతి వొకటి మన కళ్ళముందే తయారవుతున్నది. గొంతున్నవాళ్ళు వరసలోంచి తప్పుకొంటే వరసలో మిగిలేది గొంతు లేనివాళ్ళు. సౌరవిద్యుత్ రాజకీయం యిదీ. దీన్ని గురించి సభలో వొక్కరూ మాట్లాడలేదు.

ఇంతదాకా చదివి మనవాళ్ళలో కొందరు సంతోషించవచ్చు. "మేం మొదటినుంచీ చెప్తూనేవున్నాం, యిదంతా కార్పొరేట్ల ఎత్తు, బొగ్గు కేంద్రాలే ప్రజల ఆస్తి, సోలారును వ్యతిరేకించాలి" అనేవారిని నేను సంఘసమావేశాల్లోనే విన్నాను. వారితో కూడా నాకు తగవుంది. బొగ్గుమీద అభ్యుదయవాదికి మమకారమెందుకు? బూడిదచెరువుల పక్క వూళ్ళలో బట్టలారేసుకోవడానికి లేదు. గనిలో దిగేవాడి ఊపిరితిత్తులు యే వర్గానివో వేరే చెప్పాలా? ప్రజల ఆస్తి కావడానికి కారణం బొగ్గు నల్లగా వుండడం కాదు, సంస్థ ప్రభుత్వానిది కావడం. ఆ సింగరేణి సంస్థే తన గనుల ప్రాంతాల్లో సౌరకేంద్రాలు పెట్టింది. ఎండను పబ్లిక్‌రంగం పట్టుకోలేదనే మాట అక్కడే అబద్ధమయింది. యంత్రాన్ని పగలగొట్టిన తొలినాటి నేతపనివాళ్ళమీద మనకు సానుభూతి వుండవచ్చు, వాళ్ళ మార్గం మాత్రం మనది కాదు.

డాబా లెక్కే పొలానికీ వర్తిస్తుంది. అనంతపురానికి ఆనుకొని, కన్నడదేశంలో వున్నా తెలుగు వినిపించే పావగడలో 13 వేల ఎకరాల మెట్టపొలాల్లో 2,050 మెగావాట్ల సౌరపార్కు వుంది. భూమిని కొనకుండా కౌలుకు తీసుకొన్నారు. ఎకరాకు యేటా 21 వేలతో మొదలుపెట్టి రెండేళ్ళకొకసారి 5 శాతం పెంచే వొప్పందం. కరువుసీమలో అది రైతుకు మంచి రాబడే. కాని యెవరికి? పట్టా వున్నవాడికి. ఆ పొలాల్లో వేరుశనగ పీకినవాళ్ళకు, ఆ బీళ్ళలో గొర్రెలు మేపినవాళ్ళకు పట్టా లేదు, కౌలూ లేదు. భూసమస్యను దాటుకొని సౌరసమస్యకు పోదామనుకొన్నవాళ్ళు తిరిగి భూసమస్య గట్టుమీదనే తేలారు.

మరి మార్గం లేదా? వుంది, కొంత కాగితంమీద, కొంత ఆచరణలో కూడా. కేరళ విద్యుత్ బోర్డు 2018లో మొదలుపెట్టిన "సౌర" పథకంలో వొక పద్ధతి వుంది: పలకల ఖర్చు బోర్డుది, కప్పు గృహస్థుది, వచ్చిన కరెంటులో పదోవంతు గృహస్థుకు, మిగిలింది బోర్డుకు, అంటే ప్రజలందరికీ. చాలినంత పెద్దది కాకపోవచ్చు, సూత్రం మాత్రం సరయినది. ఢిల్లీలో 2019 నుంచి వొక నిబంధన వుంది: యెక్కడో వొకచోట పెట్టిన సౌరకేంద్రంలో పలు కుటుంబాలు భాగస్వాములై, అక్కడ తయారయిన యూనిట్లను తమ తమ బిల్లుల్లో తగ్గించుకోవచ్చు. డాబాకూ మీటరుకూ వున్న ముడి ప్రకృతి వేసింది కాదు, కలంతో వేసింది. కలంతోనే విప్పవచ్చు. మునిసిపల్ హైస్కూలు కప్పు, మార్కెట్‌యార్డు షెడ్లు, బస్టాండు, మా కాలేజీ కప్పు: వీటికి యజమాని యెవరు? మనమే. వీటిమీద డిస్కం పలకలు పెట్టి, ఆ యూనిట్లలో అద్దెవాళ్ళకూ వొక సెంటు యిళ్ళకూ వాటా రాస్తే, యెవరూ 40 వేల అప్పు తేనక్కరలేదు. నాగార్జునసాగర్ కట్టేటప్పుడు యింటికొక టర్బైను కొనుక్కోండి, సబ్సిడీ యిస్తామని యెవరూ అనలేదు. సోలారు దగ్గరికి వచ్చేసరికే యీ బుద్ధి పుట్టింది.

విద్యుత్ నియంత్రణమండలి యేటా ఛార్జీలమీద బహిరంగవిచారణ జరుపుతుంది. పరిశ్రమలవాళ్ళు న్యాయవాదులను వెంటబెట్టుకొని వస్తారు. రైతుసంఘాలు వస్తాయి, మన పార్టీలు వస్తాయి. మా పట్నంనుంచి అద్దెవాళ్ళ తరపున వెళ్ళినవాళ్ళను నేనెరగను. మొన్న ఆదివారం మా వీధిలో వాటాలవాళ్ళం కొందరం కూర్చొని అర్జీ వొకటి రాశాం: సబ్సిడీ తీసుకొన్న యింట్లో అద్దెవాడికి యూనిట్ ధర డిస్కం శ్లాబును మించకూడదని, ప్రతి వాటాకూ వేరే మీటరు యివ్వాలని, ప్రభుత్వభవనాలపై వచ్చే సౌరవిద్యుత్తులో డాబా లేనివారికి వాటా వుండాలని. పలకలు కడిగే ఆవిడ చదవమంటే చదివి వినిపించాను. "నా యిల్లు కూడా రాయండి బాబుగారూ" అని వేలిముద్ర వేసింది. మా యజమానికి కూడా వొక ప్రతి యిచ్చి సంతకం పెట్టమన్నాను. కళ్ళజోడు పెట్టుకొని రెండుసార్లు చదివి, ఆలోచించి చెప్తానన్నారు.